భయపెట్టని భవనం: మానసిక గాయంతో బతుకుతున్నవారి కోసం డిజైన్ ఎలా చేయాలి

హింస, ప్రమాదం, యుద్ధం, విపత్తు, చిన్నప్పటి వేధింపులు. వీటిలో ఏది దాటి వచ్చినవారికైనా శరీరం కాపలా కాయడం అంత తేలిగ్గా మానదు. కొత్త గదిలో అడుగుపెట్టగానే కళ్ళు దారి వెతుకుతాయి. ఎటు నుంచి బయటపడొచ్చు, నా వెనక ఎవరున్నారు, ఆ చప్పుడు ఎక్కడిది? ఇవి తేలేదాకా ఎదుటివాళ్ళు ఎంత మంచిగా చెప్పినా మాట చెవికెక్కదు. కౌన్సెలింగ్ కేంద్రం, ఆశ్రయ గృహం, క్లినిక్, కోర్టులో సాక్షులు వేచి ఉండే గది, ఏది కడుతున్నా సరే, ఆ ప్రశ్నలు త్వరగా తేలిపోయేలా చూడడమే మీ డిజైన్ పని.

చాలామంది దీన్ని రంగుల వ్యవహారం అనుకుంటారు. లేత నీలం గోడలు, నాలుగు మొక్కలు, ఒక మెత్తటి సోఫా పెడితే సరిపోతుందనుకుంటారు. ఉంటే మంచిదే. కానీ ముందు చూడాల్సింది, వచ్చినవారి చేతిలో ఎంత అదుపు ఉందన్నది. 1970 ప్రాంతంలో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరిని పెద్ద శబ్దాల మధ్య కూర్చోబెట్టి పనులు చేయించారు. శబ్దం ఆపేసే బటన్ ఉందని చెప్పినవారు, ఆ తర్వాత ఇచ్చిన పనుల్లో ఎక్కువ ఓపిక చూపారు, తప్పులు తక్కువ చేశారు. వారిలో ఎక్కువమంది ఆ బటన్ నొక్కనేలేదు. కావాలంటే ఆపగలనన్న నమ్మకం ఒక్కటే పనిచేసింది. మీ భవనంలో తలుపు గడియ, లైటు స్విచ్, కర్టెన్, జరపగల కుర్చీ ఆ బటన్ చేసిన పనే చేస్తాయి.

1. గీత గీయకముందు వాడబోయేవారితో మాట్లాడండి

నలుగురైదుగురు చొప్పున కూర్చోబెట్టండి. గంట, మహా అయితే గంటన్నర, మధ్యలో విరామం. ప్రశ్నలు కనీసం రెండు రోజుల ముందే వారి చేతికి ఇవ్వండి. గది తలుపు తీసే ఉంచండి. కారణం చెప్పకుండా ఎప్పుడైనా లేచి వెళ్ళొచ్చని మొదటే చెప్పండి. పక్క గదిలో ఒక కౌన్సెలర్ అందుబాటులో ఉండాలి. వారి సమయానికి డబ్బు చెల్లించండి, ఎందుకంటే మీకూ, మీ ఇంజనీరుకూ చెల్లిస్తున్నారు కదా.

"మీకు ఏం జరిగింది?" అని ఎప్పుడూ అడగొద్దు. చోటు గురించి అడగండి. ఎలాంటి గదిలో ఎక్కువసేపు కూర్చోగలరు? వెయిటింగ్ హాల్లో ఎక్కడ కూర్చుంటారు, ఎందుకు? రాత్రిపూట ఏ శబ్దం నిద్ర లేపుతుంది? ఏ తలుపు దగ్గర ఆగిపోతారు? ఈ నాలుగు ప్రశ్నలతోనే ప్లాను మారిపోయేంత సమాచారం వస్తుంది. ఏ నిర్ణయాలు ఇంకా మార్చవచ్చో, ఏవి ఇప్పటికే ఖాయమయ్యాయో దాచకుండా చెప్పండి. డ్రాయింగ్ అయ్యాక మళ్ళీ వెళ్ళి చూపించకపోతే, అడిగింది ఉత్తుత్తికే అని వారికి అర్థమైపోతుంది.

సిబ్బందితో విడిగా మాట్లాడండి. ముఖ్యంగా రాత్రి డ్యూటీవాళ్ళు, శుభ్రం చేసేవాళ్ళు. ఎవరు ఎక్కడ నక్కి కూర్చుంటారో, ఏ మూల ఎప్పుడూ ఖాళీగా ఉంటుందో మేనేజర్ల కన్నా వీరికే బాగా తెలుసు.

అమెరికాలో మానసిక ఆరోగ్య సేవల సంస్థ శాంసా 2014లో ఇచ్చిన మార్గదర్శకంలో ఆరు సూత్రాలున్నాయి: భద్రత, నమ్మకం-పారదర్శకత, తోటివారి అండ, కలిసి పనిచేయడం, ఎంపిక-సాధికారత, సంస్కృతి-చరిత్ర-లింగ అంశాలపై ఎరుక. అవి సేవలకోసం రాసినవి, గోడలకోసం కాదు. వాటిని కొలతల్లోకి దించే పని మీదే. ఉదాహరణకు నమ్మకం అంటే ప్లానులో, తలుపు తీయకముందే అవతల ఏముందో కనబడటం.

2. వచ్చే దారిని వారి అడుగులతో నడవండి

ప్లాను మీద ఒక పెన్సిల్ పెట్టి రోడ్డు నుంచి కౌన్సెలింగ్ గది కుర్చీదాకా గీత లాగండి. ఆ గీత మీద మూడు రకాల గుర్తులు పెట్టండి: ఎటు వెళ్ళాలో తేల్చుకోవాల్సిన చోటు, ఇతరులు తనను చూడగల చోటు, తనకు ముందేముందో కనిపించని చోటు. మూడో రకం గుర్తులు ఎన్ని ఉంటే అన్ని మార్పులు చేయాలి.

ప్రవేశ ద్వారం దూరం నుంచే తెలియాలి, లోపల వేచి ఉన్నవారు మాత్రం రోడ్డుకు కనబడకూడదు. హింసించిన వ్యక్తి వెతుకుతూ వచ్చే అవకాశం ఉన్న ఆశ్రయ గృహాల్లో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. ఎండలోంచి చీకటి వసారాలోకి వస్తే కళ్ళు సర్దుకునేదాకా మనిషి గుడ్డివాడే. కాబట్టి గుమ్మం దాటాక మొదటి రెండు మూడు మీటర్లు పగటిపూట బాగా వెలుతురుగా ఉంచండి.

రిసెప్షన్ బల్ల గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్కకు పెట్టండి, గుమ్మం నుంచి మూడు నాలుగు మీటర్ల దూరంలో. లోపలికి వచ్చినవారికి ముందు గది కనబడాలి, తర్వాత మనిషి. బల్లలో కొంత భాగం 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. పేరు, వచ్చిన పని చెప్పే చోటుకూ దగ్గరి కుర్చీకీ మధ్య మూడు మీటర్లయినా లేకపోతే పక్కనే ఒక చిన్న గది ఇవ్వండి. ఎడిన్‌బరాలో 1996లో మొదలైన మ్యాగీస్ క్యాన్సర్ కేంద్రాల్లో రిసెప్షన్ బల్లే ఉండదు. అడుగుపెడితే వంటగది, దాంట్లో ఒక పెద్ద బల్ల కనిపిస్తాయి. అన్ని చోట్లా అది కుదరదు కానీ, బల్ల తప్పనిసరి అనుకునేముందు ఆ ఉదాహరణ గుర్తు చేసుకోండి.

కుర్చీల విషయంలో ఒకటే సూత్రం: వీపుకు గోడ, కళ్ళకు గుమ్మం. తాను ఇతరులను చూడగలిగి, తనను ఇతరులు పెద్దగా చూడలేని చోటును మనుషులు ఇష్టపడతారని బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త జే ఆపిల్టన్ 1975లో ప్రతిపాదించాడు. గాయపడ్డవారి విషయంలో అది ఇష్టం కాదు, అవసరం. కూర్చున్న పెద్దవారి కంటి ఎత్తు నేల నుంచి దాదాపు 1.2 మీటర్లు. కాబట్టి వీపు వెనక అడ్డు 1.4 మీటర్లు, ముందు అడ్డు ఒక మీటరు ఉంటే సరిగ్గా సరిపోతుంది. బస్టాండులోలా పొడవాటి వరుసలు వద్దు. రెండు మూడు కుర్చీల గుంపులు, ఒంటరిగా కూర్చునే ఒకటి రెండు మూలలు చాలు. మునిగిపోయే సోఫాలు చూడడానికి హాయిగా ఉంటాయి కానీ వాటిలోంచి చటుక్కున లేవలేరు, అదే వారికి కంగారు. సీటు ఎత్తు 43 నుంచి 46 సెంటీమీటర్లు, చేతులు ఉన్న కుర్చీ, ఒక్క చేత్తో జరపగలిగే బరువు. నేలకు బోల్టులు బిగించిన కుర్చీలు ఇక్కడ పనికిరావు.

3. తలుపులమీద డబ్బు, సమయం పెట్టండి

బడ్జెట్‌లో ఒకే ఒక్కదాన్ని కాపాడుకోగలిగితే తలుపుల సామాన్లనే కాపాడండి. బాధితులకు జరిగిన ఘోరం చాలాసార్లు తలుపు వెనకే జరిగి ఉంటుంది.

పడక గదికీ స్నానాల గదికీ లోపలి నుంచి వేసుకునే గడియ ఉండాలి. వేసి ఉన్నా లోపలి హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే తెరుచుకోవాలి. అగ్ని ప్రమాదంలో తాళం చెవి వెతుక్కునే పరిస్థితి రాకూడదు. అత్యవసరానికి సిబ్బంది బయటి నుంచి తీయగలగాలి, కానీ అది ప్రత్యేక తాళం చెవితో మాత్రమే. తట్టి, పేరు చెప్పి, ఆగి, ఆ తర్వాతే వాడాలి, వాడిన ప్రతిసారీ పుస్తకంలో రాయాలి. గుండ్రటి నాబ్ కన్నా లీవర్ హ్యాండిల్ మేలు, ఎందుకంటే వణికే చేతికి నాబ్ పట్టు చిక్కదు.

తలుపు తట్టింది ఎవరో తీయకుండానే తెలియాలి. పడక గదికి రెండు ఎత్తుల్లో, 1.2 మీటర్ల దగ్గర ఒకటి, 1.5 దగ్గర ఒకటి, చూసే రంధ్రాలు పెట్టండి. కౌన్సెలింగ్ గదికైతే తలుపు పక్కన 10-15 సెంటీమీటర్ల వెడల్పు నిలువు గాజు పెట్టి, దాని బ్లైండు లోపలి నుంచే నడిచేలా చూడండి. పారదర్శకత పేరుతో గోడంతా గాజు పెట్టడం మేము ఎక్కువగా చూసే పొరపాటు. అందులో కూర్చున్నవారు ఏడవలేరు.

ఇక చప్పుడు. తలుపు ధడేల్మని మూసుకుంటే గదిలో ఉన్నవారి గుండె ఆగినంత పనవుతుంది. డోర్ క్లోజర్‌కు, అంటే తలుపును దానంతటదే మూసే పరికరానికి, సాధారణంగా రెండు మరలుంటాయి: ఒకటి తలుపు తిరిగే వేగానికి, ఇంకోటి చివరి కొన్ని డిగ్రీల్లో గొళ్ళెం పడే వేగానికి. బిగించేవారు చాలాసార్లు మొదటిదాన్నే సర్ది వదిలేస్తారు, చప్పుడు చేసేదేమో రెండోది. 90 డిగ్రీల నుంచి మూసుకోవడానికి ఐదు నుంచి ఏడు సెకన్లు పట్టేలా పెట్టి, చివర్లో మెల్లగా తాకేలా రెండో మరను బిగించండి. చట్రం చుట్టూ రబ్బరు సీలు వేస్తే మిగిలిన చప్పుడు కూడా పోతుంది. కిటికీలు తెరిచినప్పుడు గాలి ఒత్తిడి మారి ఈ సర్దుబాటు చెడిపోతుంది కాబట్టి, కిటికీలు తెరిచీ మూసీ రెండు విధాలా పరీక్షించండి.

అగ్నిమాపక నిబంధనల ప్రకారం మూసే ఉండాల్సిన తలుపులను కూడా రోజంతా తెరిచి ఉంచవచ్చు. అలారం మోగగానే వదిలేసే అయస్కాంత పట్టీలు దీనికోసమే ఉన్నాయి. తలుపు కింద చెక్క ముక్క పెట్టడం మాత్రం వద్దు.

తీవ్ర మానసిక సంక్షోభంలో ఉన్నవారు ఉండే వార్డులకు ప్రత్యేక భద్రతా సామాను అవసరం. ఏ గదికి ఏది కావాలో వైద్య బృందం చేసే అంచనా చెప్పాలి. ఆ సామానును భవనమంతా వేస్తే అవసరం లేని చోట కూడా జైలు వాసన వస్తుంది.

4. నడవాలు

వెడల్పు 1.8 మీటర్లు. రెండు చక్రాల కుర్చీలు పట్టే ఈ కొలతే, ఇద్దరు అపరిచితులు తాకకుండా దాటడానికీ సరిపోతుంది. మూల తిరిగేచోట గోడ కొనను 45 డిగ్రీలు కోసెయ్యండి, లేదా అక్కడ గాజు పెట్టండి. నడవా చివర గోడ కాకుండా కిటికీ ఉండాలి. 15 మీటర్లు దాటిన నడవాకు మధ్యలో, పక్కకు తప్పుకుని నిలబడేలా చిన్న గూడు లాంటి చోటు ఇవ్వండి. ఎదురుగా వచ్చేవారిని పోనిచ్చి తర్వాత నడవాలనుకునేవారు చాలామంది ఉంటారు.

5. మాట బయటికి పోకుండా, చప్పుడు లోపలికి రాకుండా

ఒక కౌన్సెలింగ్ గదిని తీసుకుందాం: 12 చదరపు మీటర్లు, ఎత్తు 2.7. గోడ 50 డెసిబెళ్ళు ఆపాలి. 70 మిల్లీమీటర్ల స్టడ్ ఫ్రేముకు (గోడ లోపలి నిలువు కడ్డీల చట్రం) ఇరువైపులా 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు రెండేసి పొరలు, మధ్యలో 50 మిల్లీమీటర్ల రాక్ వూల్ పెడితే ఆ అంకె దాదాపుగా వస్తుంది. కానీ గోడ ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగకుండా పై శ్లాబుదాకా వెళ్ళాలి. ఆగితే మాట పైనుంచి దూకి పక్క గదిలో దిగుతుంది.

సందులు ఎంత చెరుపు చేస్తాయో ఒక లెక్క చూడండి. తలుపుతో కలిపి గోడ 10 చదరపు మీటర్లు అనుకోండి. తలుపు కింద ఒక సెంటీమీటరు సందు, వెడల్పు 90 సెంటీమీటర్లు, అంటే 0.009 చదరపు మీటర్లు. గోడలో వెయ్యో వంతు కూడా లేదు. అయినా ఆ ఒక్క సందు వల్ల మొత్తం గోడ దాదాపు 30 డెసిబెళ్ళ దగ్గరే ఆగిపోతుంది, మీరు పెట్టిన 50 వృథా. అందుకే తలుపు మూసినప్పుడు కిందికి దిగే సీలు తప్పదు, తలుపు రెక్క కూడా లోపల డొల్ల లేని, బరువైనదై ఉండాలి. గోడకు అటూ ఇటూ ఉన్న స్విచ్ బోర్డులను వీపులు ఆనించి పెట్టొద్దు, కనీసం 60 సెంటీమీటర్లు జరపండి. రెండు గదులను కలిపే ఏసీ డక్టు కూడా మాటను మోసుకుపోతుంది, దాన్ని వంపు తిప్పి లోపల శబ్దం పీల్చే పొర వేయించండి.

గది లోపల గొంతు మారుమోగకూడదు. ప్రతిధ్వని అర సెకనుకు తగ్గించాలంటే ఈ గదికి పది చదరపు మీటర్లకు పైగా శోషణ, అంటే శబ్దాన్ని పూర్తిగా పీల్చుకునే అంత వైశాల్యం, కావాలి. 0.8 శోషణ గుణకం ఉన్న (తాకిన శబ్దంలో 80 శాతం పీల్చే) సీలింగ్ పలకలు పైకప్పంతా వేస్తే 9.6 వస్తుంది. మిగిలింది ఒక తివాచీ, రెండు గుడ్డ కుర్చీలు పూరిస్తాయి. గోడలకు ప్యానెళ్ళ అవసరం పడదు.

ఇదే గదిలో కుర్చీలు ఎదురెదురుగా కాకుండా 90 నుంచి 120 డిగ్రీల కోణంలో, ఒకటిన్నర మీటరు దూరంలో పెట్టండి. చూపు కలపాలనుకుంటే కలపవచ్చు, లేదంటే కిటికీ వైపు తిప్పుకోవచ్చు. వచ్చినవారికీ తలుపుకీ మధ్య కౌన్సెలర్ కుర్చీ రాకూడదు, అటునుంచి చూసినా అంతే. ఇద్దరికీ దారి సమానంగా ఉండాలి.

పడక గదుల్లో రాత్రి సగటు శబ్దం 30 డెసిబెళ్ళు, ఒక్కసారిగా వచ్చే శబ్దం 45 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకం చెబుతుంది. రెండో అంకెను ఎక్కువ పట్టించుకోండి, ఉలికిపాటు దానివల్లే. చేతులు ఆరబెట్టే యంత్రాలు, ఇనుప మూత చెత్తబుట్టలు, లౌడ్ స్పీకర్ పిలుపులు తీసేయండి. ఫైర్ అలారం శబ్దాన్ని నిబంధనకన్నా తగ్గించడానికి లేదు. అయితే గంటకు బదులు గొంతుతో చెప్పే అలారం ఎంచుకోవచ్చు. అలారం దీపాల మిటుకులు సెకనుకు రెండు దాటకూడదు, ఒకచోట నుంచి కనబడేవన్నీ ఒకేసారి మిటకాలి. పరీక్ష ఎప్పుడూ ఒకే రోజు, ఒకే సమయానికి, ముందు చెప్పి చేయండి.

6. వెలుతురు

ప్రతి గదిలో, మంచం పక్కనా గుమ్మం పక్కనా, కాంతి తగ్గించే స్విచ్. సాయంత్రానికి 2700-3000 కెల్విన్ల వెచ్చటి దీపాలు. కదలికను బట్టి వెలిగే లైట్లు కరెంటు ఆదా చేస్తాయి, నిజమే. కానీ మరుగుదొడ్డిలో కదలకుండా కూర్చున్న మనిషి మీద చీకటి పడేస్తాయి. స్టోరు రూములకు వాటిని ఉంచి, మనుషులు ఉండే గదులకు మామూలు స్విచ్ ఇవ్వండి. నడవాల్లో సెన్సరు తప్పదంటే, పూర్తిగా ఆరకుండా పదో వంతుకు మెల్లగా తగ్గేలా పెట్టించండి.

చవక ఎల్‌ఈడీ దీపాలు కాంతి తగ్గించినప్పుడు వేగంగా ఆరి వెలుగుతుంటాయి. కంటికి కనబడకపోయినా కొందరికి తలనొప్పి తెస్తాయి. కొనేముందు ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి, కాంతి సగానికి తగ్గించి చూడండి. తెర మీద చారలు కదిలితే ఆ దీపం వద్దు.

రాత్రి మంచం నుంచి స్నానాల గదికి దారిలో నేలకు 20-30 సెంటీమీటర్ల ఎత్తున చిన్న దీపాలు, ఐదు నుంచి పది లక్సులు చాలు. చీకటి పడ్డాక కిటికీ లోపలివారికి అద్దమైపోతుంది, బయటివారికి మాత్రం లోపలంతా కనిపిస్తుంది. కిందినుంచి పైకి లేచే బ్లైండు వేస్తే ఆకాశం కనబడుతూనే మనిషి దాగుతాడు. పగటి చూపు సంగతికొస్తే, ఆసుపత్రి పరిసరాల పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో శస్త్రచికిత్స తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు, ఇటుక గోడ కనిపించినవారికన్నా ముందుగా ఇళ్ళకు వెళ్ళారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. కిటికీ ఎటు పెట్టాలో తేల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

7. స్నానాల గది, రంగులు, వాసనలు

షవర్ నీళ్ళు ఒక్కసారిగా కాలకుండా 41 డిగ్రీల దగ్గర ఆపే మిక్సింగ్ వాల్వు పెట్టించండి. పైనుంచి పడే షవర్‌తో పాటు చేత్తో పట్టుకునేది కూడా ఇవ్వండి, ముఖం మీద నీళ్ళు పడితే తట్టుకోలేనివారు ఉంటారు. వాల్వు తిప్పే చోటు నీళ్ళ ధార కింద కాకుండా గుమ్మం వైపు ఉండాలి. తనంతట తానే ఫ్లష్ అయ్యే కమోడ్లు వద్దు. అద్దాన్ని గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్క గోడకు బిగించండి.

రంగులకు పెద్ద చర్చ అక్కర్లేదు. కళ్ళు చెదిరే చారలు, నల్లగళ్ళ నేలలు మానేయండి. తలుపు చట్రం గోడలో కలిసిపోకుండా స్పష్టమైన తేడాతో వేయండి. మిగతాది వాడేవారే ఎంచుకోనివ్వండి. వాసన మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, అది జ్ఞాపకాన్ని నేరుగా లేపుతుంది. ఘాటు తక్కువ పెయింట్లు, జిగురులు వాడి, గృహప్రవేశానికి ముందు కనీసం రెండు వారాలు కిటికీలు తెరిచి గాలాడనివ్వండి. ఘాటైన వాసన లేని క్రిమిసంహారక ద్రావణాన్ని నిర్వహణ ఒప్పందంలోనే రాయించండి.

8. కెమెరాలు

బయట, ప్రవేశాల దగ్గర పెట్టండి. లోపల అందరూ తిరిగే చోట అవసరమైతే, ఎక్కడున్నాయో, ఎవరు చూస్తారో, రికార్డు ఎన్నాళ్ళు ఉంచుతారో గోడమీద మామూలు మాటల్లో రాయండి. పడక, స్నాన, కౌన్సెలింగ్ గదుల్లో వద్దే వద్దు. పొగ గుర్తించే పరికరాన్ని కూడా కొందరు కెమెరా అనుకుని రాత్రంతా నిద్రపోరు. అదేమిటో మొదటి రోజే చూపించి చెప్పడం సిబ్బంది పని, చెప్పాలని వారికి రాసివ్వడం మీ పని.

9. నమూనా గది, ఆ తర్వాత

మొత్తం కట్టేముందు ఒక పడక గదినీ ఒక కౌన్సెలింగ్ గదినీ అసలు కొలతల్లో కట్టి, నిజమైన గడియలూ స్విచ్‌లూ బిగించి, మొదట మాట్లాడినవారిని పిలవండి. గదిలో పది నిమిషాలు ఒంటరిగా కూర్చోనివ్వండి, తర్వాత అడగండి. అట్ట నమూనాలో కనబడని సంగతులు అప్పుడు బయటపడతాయి. గడియ పడిందో లేదో చేతికి తెలియడం లేదని, కుర్చీలోంచి హ్యాండిల్ కనబడటం లేదని చెబుతారు.

ఖర్చు తగ్గించే సమావేశం ఒకటి తప్పకుండా వస్తుంది. అందులో మొదట పోయేవి తలుపు కింది సీళ్ళు, నెమ్మది క్లోజర్లు, శ్లాబుదాకా వెళ్ళే గోడలు, ఎందుకంటే ఫొటోలో అవి కనబడవు. వీటిని మార్చాలంటే మీ రాతపూర్వక అనుమతి ఉండాలని టెండరు పత్రాల్లోనే షరతు పెట్టండి. ఫాల్స్ సీలింగ్ మూసేముందు ప్రతి కౌన్సెలింగ్ గది పైభాగాన్ని టార్చి వేసి చూడండి. పైపులు, వైర్లు దూరిన చోట రంధ్రాలు పూడ్చకుండా వదిలేయడం మామూలే.

వాడుక మొదలైన మూడు నెలలకూ, ఆరు నెలలకూ, ఏడాదికీ వెళ్ళి చూడండి. క్లోజర్ల సర్దుబాటు సడలి ఉంటుంది. గోడల మీద "చేయరాదు", "నిషిద్ధం" కాగితాలు పేరుకుని ఉంటాయి. ఏ కాగితం ఎక్కడ అంటించారో రాసుకోండి, అక్కడ డిజైన్ ఏదో చెప్పలేకపోయిందన్నమాట. కాసేపు ఒంటరిగా కూర్చోవడానికి మీరిచ్చిన చిన్న గది పాత కుర్చీల గోదాముగా మారే అవకాశం ఎక్కువ, ఎందుకంటే సిబ్బందికి సామాను పెట్టుకునే చోటు ఇచ్చి ఉండరు. ఆ గదిని కాపాడాలంటే ప్లానులో నాలుగైదు చదరపు మీటర్ల స్టోరు ముందే గీయండి.